విజయవాడలో ఉండి స్నూకర్ ర్యాంకింగ్ టోర్నీ చూడటం ఎలా: వైట్ మీద నుంచి కన్ను తీయకండి

గవర్నర్‌పేటలో నేను ఆట నేర్చుకున్న పార్లర్‌లో ఒక పెద్దాయన మార్కర్‌గా, అంటే స్కోరు రాసేవారిగా ఉండేవారు. అందరం బాబాయ్ అనే పిలిచేవాళ్లం. దూరం నుంచి ఒక రెడ్ బాల్ పాకెట్‌లో పడితే చాలు, నేను సంబరపడిపోయేవాణ్ణి. ఆయన స్కోరుబోర్డు దగ్గర నుంచే, "అబ్బాయ్, పడిపోయినదాన్ని చూసి ఏం లాభం? వైట్ ఎక్కడ ఆగిందో చూడు" అనేవారు. చూస్తే వైట్, అంటే క్యూ కర్రతో కొట్టే తెల్ల బాల్, కుషన్‌కి (టేబుల్ అంచుకి) అతుక్కుని ఉండేది. తర్వాత కొట్టడానికి ఏమీ మిగిలేది కాదు.

ఆ మాట నాకు నిజంగా తలకెక్కింది 2017 సెప్టెంబరులో. ఆ ఏడాది ఇండియన్ ఓపెన్ విశాఖపట్నంలో పెట్టారు. ప్రొఫెషనల్ ర్యాంకింగ్ టోర్నీ మన రాష్ట్రానికి రావడం చిన్న విషయం కాదు. ఒక స్నేహితుడితో కలిసి పొద్దున్నే రత్నాచల్ ఎక్కి వెళ్లాను. మన పార్లర్‌లో అయితే ఫ్యాన్ల మోత, ఫోన్లు, పక్క టేబుల్ దగ్గర కేకలు. అక్కడ హాల్లో క్యూ కొనకి చాక్ రుద్దే గరగర కూడా వినిపించింది. ఒకతను బ్రేక్ మొదలుపెట్టాడు, అంటే గురి తప్పకుండా వరసగా బాల్స్ వేస్తూ పాయింట్లు కూడబెట్టడం. రెడ్, బ్లాక్, రెడ్, బ్లాక్. బాబాయ్ మాట గుర్తొచ్చి ఈసారి వైట్‌నే చూస్తూ కూర్చున్నాను. పన్నెండు అడుగుల టేబుల్ మీద ఆ వైట్ ఒక తువ్వాలు పరిచినంత మేర దాటి బయటికి రాలేదు. ప్రతి దెబ్బకీ జానెడు అటు, బెత్తెడు ఇటు. అంతే.

ఆ టోర్నీ జాన్ హిగ్గిన్స్ గెలిచాడు. అంతకుముందు ఏడాది హైదరాబాద్‌లో గెలిచిన ఆంథొనీ మెక్‌గిల్‌నే ఫైనల్లో 5–1 తో ఓడించాడు. 2019లో కొచ్చిలో జరిగాక ఇండియన్ ఓపెన్ క్యాలెండర్‌లోంచి పోయింది. అంచేత ఇప్పుడు మనకి మిగిలింది తెర మీద చూడటమే. అది కూడా పద్ధతిగా చూస్తే కోచింగ్‌కి ఏమాత్రం తీసిపోదు. మీరు పార్లర్‌లో అప్పుడప్పుడు ఆడుతూ, ఇరవై ముప్పై బ్రేక్ దగ్గరే ఆగిపోతున్నారనుకోండి, ఇది మీకోసమే.

ముందు ర్యాంకింగ్ సంగతి

ఒక్క పది నిమిషాలు దీనికి కేటాయించండి. ఇది తెలియకపోతే తొలి రౌండ్లు చప్పగా అనిపిస్తాయి, తెలిస్తే వాటిలోనే ఎక్కువ టెన్షన్ ఉంటుంది.

ప్రొఫెషనల్ టూర్‌లో దాదాపు 128 మంది ఉంటారు. 2014 నుంచి ర్యాంకు లెక్క అంతా డబ్బు మీదే నడుస్తోంది. ర్యాంకింగ్ టోర్నీల్లో గడచిన రెండేళ్లలో ఎన్ని పౌండ్లు గెలిస్తే అన్ని పాయింట్లు. రెండేళ్లు దాటిన డబ్బు లెక్కలోంచి జారిపోతుంది. ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిస్తే 5 లక్షల పౌండ్లు, యూకే ఛాంపియన్‌షిప్ గెలిస్తే రెండున్నర లక్షలు. కాబట్టి ఒక్క పెద్ద టోర్నీ మనిషిని ఎక్కడి నుంచో పైకి లేపుతుంది, రెండేళ్ల తర్వాత అదే మొత్తం పోయి కిందికి లాగుతుంది కూడా. అన్ని టోర్నీలకీ ర్యాంకింగ్ ఉండదు. లండన్‌లో జరిగే మాస్టర్స్‌కి తొలి 16 మందినే పిలుస్తారు. ఎంత పేరున్న టోర్నీ అయినా అది గెలిస్తే ర్యాంకు పైసా కదలదు.

రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి: 16, 64. తొలి 16 మందిలో ఉంటే ప్రపంచ ఛాంపియన్‌షిప్ అసలు దశకి, షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌కి నేరుగా వెళ్తారు. మిగతా 16 చోట్ల కోసం ప్రపంచమంతా క్వాలిఫైయింగ్‌లో కొట్టుకోవాలి. సీజన్ చివర 64 లోపల ఉంటే టూర్‌లో చోటు ఖాయం. బయట ఉండి, రెండేళ్ల టూర్ కార్డు గడువు కూడా తీరిపోతే మళ్లీ మొదటి మెట్టు నుంచి రావాలి. ఇప్పుడు ఆలోచించండి. ఏప్రిల్‌లో 63వ ర్యాంకువాడికీ 68వ ర్యాంకువాడికీ జరిగే మ్యాచ్ ఎలా ఉంటుంది? ఖాళీ కుర్చీల ముందు, టీవీ కెమెరా కూడా సరిగా లేని టేబుల్ మీద ఒక మనిషి తన ఉద్యోగం కోసం ఆడుతుంటాడు. స్కోర్లు మాత్రమే దొరికినా సరే, అలాంటి మ్యాచ్ ఒకటి తప్పక వెంబడించండి.

టైం చూసుకోవడం

ప్రపంచ స్నూకర్ టూర్ వెబ్‌సైట్‌లో డ్రా, మ్యాచ్ టైంలు, లైవ్ స్కోర్లు ఉంటాయి. ప్రసారం ఎక్కడన్నది టోర్నీని బట్టి మారుతుంది. అది కూడా అక్కడే చూసుకుని డబ్బు కట్టాల్సిన చోట కట్టి చూడండి. దొంగ లింకుల్లో సరిగ్గా ఆఖరి బ్లాక్ దగ్గరే బొమ్మ ఆగిపోతుంది.

బ్రిటన్‌లో జరిగే టోర్నీలకి ఎండాకాలం ఒక లెక్క, చలికాలం ఇంకో లెక్క. మార్చి ఆఖరి ఆదివారం నుంచి అక్టోబరు ఆఖరి ఆదివారం దాకా వాళ్ల గడియారానికి నాలుగున్నర గంటలు కలపాలి, మిగతా నెలల్లో ఐదున్నర. రాత్రి ఏడింటి సెషన్ మనకి ఒక కాలంలో పదకొండున్నరకి, ఇంకో కాలంలో పన్నెండున్నరకి పడుతుంది. ఈ మార్పు మర్చిపోయి నేను ఒకసారి ఏప్రిల్ మొదట్లో ఒక సెమీఫైనల్‌కి పాత లెక్కన కూర్చున్నాను. అప్పటికే రెండు ఫ్రేములు (మ్యాచ్‌లో ఒక్కో ఆటని ఫ్రేమ్ అంటారు) అయిపోయాయి. వాటిలో ఒకటి సెంచరీ బ్రేక్. ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మ్యాచ్ అది, చాలా బాధపడ్డాను. అందుకే టోర్నీ మొదలయ్యే రోజే మన టైంలోకి మార్చి ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి.

ప్రపంచ ఛాంపియన్‌షిప్ పదిహేడు రోజులు. ఏప్రిల్‌లో మొదలై మే మొదటి సోమవారంతో ముగుస్తుంది. మన బెజవాడ ఎండలకి ఇంతకంటే మంచి కాలక్షేపం లేదు. అక్కడ పొద్దున పదింటి సెషన్ మనకి మధ్యాహ్నం రెండున్నరకి. ఆ ఎండలో బెంజ్ సర్కిల్ దాకా వెళ్లడానికి కూడా ప్రాణం ఒప్పదు కదా, ఇంట్లో కూర్చుని చూడొచ్చు. అక్కడ మధ్యాహ్నం రెండున్నర సెషన్ ఇక్కడ రాత్రి ఏడింటికి. చైనా టోర్నీలు ఇంకా హాయి. వాళ్లు మనకంటే రెండున్నర గంటలు ముందుంటారు, అక్కడి రాత్రి ఏడున్నర మనకి సాయంత్రం ఐదు. కొత్తగా చూడటం మొదలుపెట్టేవాళ్లు చైనా టోర్నీతోనే మొదలుపెట్టమని చెప్తాను. నిద్ర చెడగొట్టుకుంటూ నేర్చుకున్నది పొద్దున్నకి గుర్తుండదు.

అన్నీ చూడకండి

ఒక వారం టోర్నీలో వందకు పైగా మ్యాచ్‌లు జరగొచ్చు. డ్రా రాగానే ఒకే ఒక్క ఆటగాణ్ణి ఎంచుకుని, అతను ఉన్నంతకాలం అతని మ్యాచ్‌లే చూడండి. ఇంగ్లిష్ ఓపెన్, వెల్ష్ ఓపెన్ లాంటివాటిలో మొదటి రౌండ్లు ముందుగా 4 ఫ్రేములు గెలిచినవాడివి, ఫైనల్ 9 గెలిచినవాడిది. క్రూసిబుల్ ఫైనల్‌కి 18 ఫ్రేములు కావాలి, రెండు రోజులు, నాలుగు సెషన్లు. 2025లో జావో షింతోంగ్ 18–12 తో మార్క్ విలియమ్స్‌ని ఓడించి చైనా నుంచి తొలి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. చిన్న మ్యాచ్‌లో ఎవరైనా ఎవరినైనా ఓడించగలరు. పెద్ద మ్యాచ్‌లో తప్పులు దాచుకోవడం కుదరదు. నేర్చుకోవడానికి చిన్నవి, ఆస్వాదించడానికి పెద్దవి అని నా అభిప్రాయం.

లెక్క మనసులో వేయడం

స్కోరు చూడగానే "ఇంకా ఎంత మిగిలింది" అన్నది వెంటనే తట్టాలి. సూత్రం చాలా చిన్నది. టేబుల్ మీద ఉన్న ఒక్కో రెడ్‌కీ 8 (రెడ్‌కి 1, దాని తర్వాత వేసే కలర్ బ్లాక్ అయితే 7), దానికి రెడ్స్ అయిపోయాక చివర్లో వేసే ఆరు కలర్స్‌కి 27 కలపండి. పదిహేను రెడ్స్‌కి 120, కలర్స్‌కి 27, మొత్తం 147. అందుకే గరిష్ఠ బ్రేక్ 147.

ఒక ఉదాహరణ చూద్దాం. స్కోరు 62–14, మూడు రెడ్స్ ఉన్నాయి. మిగిలింది 24, 27 కలిపి 51. తేడా 48. అంటే వెనక ఉన్నవాడికి ఇంకా అవకాశం ఉంది, కుర్చీలోంచి లేచి వస్తాడు. ముందున్నవాడు ఇంకో రెడ్, ఒక బ్లాక్ వేశాడనుకోండి. 70–14, తేడా 56. మిగిలింది రెండు రెడ్స్, అంటే 43. ఇక వెనక ఉన్నవాడికి 13 పాయింట్లు తక్కువ. అవి అవతలివాడి ఫౌల్స్ నుంచే రావాలి. ఫౌల్‌కి కనీసం 4 కాబట్టి నాలుగు ఫౌల్స్ కావాలి. ఈ పరిస్థితినే "స్నూకర్స్ కావాలి" అంటారు. కొట్టాల్సిన బాల్‌కి వైట్ సూటిగా పోకుండా వేరే బాల్ అడ్డుపడటమే స్నూకర్. ఆ రెడ్, ఆ బ్లాక్ ఎంత విలువైనవో లెక్క వేసినవాడికే తెలుస్తుంది. అలాంటి బాల్ ముందు పెద్ద పెద్దవాళ్లు కూడా ఒక్క క్షణం ఎక్కువ నిలబడతారు. గమనించండి.

ఇక అసలు పని: వైట్

ఒక నోట్‌బుక్, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. పేజీకి ఒక టేబుల్ గీయండి. బ్లాక్, పింక్, బ్లూ చోట్లు చుక్కలుగా పెట్టండి. బ్రేక్ మొదలవగానే ప్రతి దెబ్బ తర్వాత వైట్ ఎక్కడ ఆగిందో 1, 2, 3 అని వేసుకుంటూ పోండి. ఏ రెడ్ పడింది, ఏ పాకెట్‌లో పడిందన్నది రాయొద్దు. మొదట్లో చేయి వెనకబడిపోతుంది, కన్ను పాకెట్ వైపుకే లాగుతుంది. రెండో రోజుకి అలవాటవుతుంది.

నలభై దాటిన బ్రేక్ ఒకటి ఇలా గీశాక చూడండి. అంకెలన్నీ బ్లాక్ చుట్టూ ముద్దగా ఉంటాయి. మీ ఆటని ఎవరైనా అలా గీస్తే టేబుల్ నిండా చల్లినట్టు ఉంటాయి. తేడా అంతా అక్కడే ఉంది. మనం ఓడిపోయేది గురి లేక కాదు. ప్రతిసారీ కష్టమైన బాలే మిగలడం వల్ల.

ఇప్పుడు ఇంకాస్త దగ్గరగా చూడండి. బ్లాక్ మీదకి వచ్చేటప్పుడు ప్రొఫెషనల్ వైట్‌ని పాకెట్‌కి సూటిగా పెట్టడు. కొంచెం పక్కకి ఆపుతాడు. మనకేమో సూటిగా ఉంటేనే సంతోషం, ఎందుకంటే వేయడం తేలిక. కానీ సూటిగా ఉంటే వైట్‌ని ముందుకో వెనక్కో తప్ప పంపలేం. కాస్త కోణం ఉంటే బ్లాక్ పాకెట్‌లోకి, వైట్ పక్కన రెడ్స్ వైపుకి, ఒకే మెత్తటి దెబ్బతో వెళ్తాయి. ఆ కోణం ఎటువైపు ఉందన్నది కూడా ముఖ్యమే. రెడ్స్ వైపుకి తోసే కోణమా, కుషన్ వైపుకి తోసే కోణమా? తెర మీద బొమ్మ ఆగినప్పుడల్లా తర్వాత వైట్ ఎటు పోతుందో మీరే ముందు వేలితో చూపించండి. తప్పు చెప్తే ఎందుకు తప్పిందో పేజీ పక్కన ఒక మాట రాసుకోండి. వారం తిరిగేసరికి పదింటిలో ఆరైనా సరిగ్గా చెప్పగలుగుతారు.

సేఫ్టీ వచ్చినప్పుడు టీకి లేవకండి

చాలామంది సేఫ్టీ ఆట, అంటే బాల్ వేయడానికి కాకుండా అవతలివాడికి అవకాశం మిగలకుండా కొట్టే ఆట, మొదలవగానే ఫోన్ తీస్తారు. దయచేసి అలా చేయకండి. ఫ్రేమ్‌లో మొదటి దెబ్బతోనే మొదలుపెట్టండి. వైట్‌ని యెల్లో, బ్రౌన్ మధ్య పెట్టి, రెడ్స్ గుంపులో కుడి చివరి రెడ్‌ని పలచగా తాకిస్తారు. కుడి సైడ్ ఇవ్వడం (వైట్‌ని కుడి పక్కన కొట్టి తిప్పడం) వల్ల వైట్ పై కుషన్, పక్క కుషన్ తిరిగి టేబుల్ అడ్డంగా దాటి కింద గ్రీన్ వెనక్కి చేరుతుంది. వెయ్యిసార్లు చూసినా నాకు ఆ దెబ్బ ముద్దొస్తుంది. అక్కడ కూడా చూడాల్సింది వైట్‌నే: కింది కుషన్‌కి ఎంత దగ్గరగా ఆగింది? నాలుగు వేళ్ల దూరంలో ఆగితే అవతలివాడు దూరం నుంచి రెడ్ కొట్టే ధైర్యం చేస్తాడు. కుషన్‌కి అంటుకుంటే చేయడు, ఎందుకంటే క్యూని పైకి ఎత్తి కొట్టాలి.

మిస్ రూల్ దగ్గర కొత్తవాళ్లు తికమకపడతారు. స్నూకర్ పడి బాల్‌ని తాకలేకపోతే రిఫరీ ఫౌల్‌తో పాటు మిస్ కూడా అంటాడు. అప్పుడు అవతలివాడు కోరితే బాల్స్‌ని ముందున్న చోటనే తిరిగి పెట్టించి మళ్లీ ఆడిస్తాడు. ఆడిన ప్రతిసారీ ఫౌల్ పాయింట్లు పోతూనే ఉంటాయి. నిండుగా కనిపించే బాల్‌ని వరసగా మూడుసార్లు తాకలేకపోతే ఫ్రేమే పోతుంది. పార్లర్‌లో ఈ రూల్ వాడాలనుకుంటే ఆట మొదలుకాకముందే మాట్లాడుకోండి. మధ్యలో తీస్తే స్నేహాలు చెడతాయి.

వాళ్ల టేబుల్ వేరు, మన టేబుల్ వేరు

టోర్నీలో క్లాత్ కొత్తది, పలచనిది. కింద రాయిని వేడిగా ఉంచుతారు, చెమ్మ చేరదు. కాస్త తోస్తే వైట్ దూరం పోతుంది. మన ఊరికి కృష్ణ పక్కనే ఉంది. వానాకాలం వచ్చిందంటే క్లాత్ చెమ్మ పట్టి బరువెక్కుతుంది, జూన్‌లో మూడు కుషన్లు తిరిగిన దెబ్బ ఆగస్టులో రెండో కుషన్ దగ్గరే ఆగిపోతుంది. అందుకని తెర మీద చూసిన జోరు స్క్రూలు (వైట్ వెనక్కి వచ్చేలా కొట్టే దెబ్బలు), టేబుల్ చుట్టూ తిరిగే దెబ్బలు మర్నాడే ప్రయత్నించి నిరుత్సాహపడకండి. దగ్గర దెబ్బలు మాత్రం ఏ టేబుల్ మీదైనా పనికొస్తాయి. పార్లర్‌కి వెళ్లగానే క్లాత్ బ్రష్ చేశారా అని అడగండి. డీ (టేబుల్ కింది చివర D ఆకారంలో ఉండే గీత) వైపు నుంచి బ్లాక్ వైపుకే బ్రష్ చేయాలి, నాప్, అంటే క్లాత్ మీది నూగు, అటే పడుకుని ఉంటుంది. రూపాయి ఖర్చు లేని పని ఇది. అయినా సగం పార్లర్లలో ఎవరూ పట్టించుకోరు.

పందెం జోలికి పోవద్దు

టోర్నీ చూస్తున్నారని తెలిస్తే ఎవరో ఒకరు ఫోన్‌లో బెట్టింగ్ యాప్ చూపిస్తారు. ఆన్‌లైన్ బెట్టింగ్‌ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచండి. 2023లో మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో పదిమంది చైనా ఆటగాళ్ల మీద నిషేధం పడింది, ఇద్దరికి జీవితాంతం. పార్లర్ అంటే జూదమనే మాట మన ఊళ్లో ఇప్పటికీ ఉంది. ఆ మాట వల్లే చాలామంది పిల్లల్ని ఇంట్లోవాళ్లు క్యూ పట్టుకోనివ్వరు. ఆట మీద ప్రేమ ఉంటే ఆ మచ్చని మనం ఇంకా పెద్దది చేయకూడదు.

మర్నాడు పార్లర్‌లో

నోట్‌బుక్ తీసుకుని వెళ్లండి. పనిరోజు మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య టేబుళ్లు ఖాళీగా ఉంటాయి. ఒక గంట చాలు. జోడీ అక్కర్లేదు. అవతలివాడు ఉంటే గెలవాలనిపిస్తుంది, అప్పుడు కన్ను మళ్లీ పాకెట్ వైపుకే పోతుంది.

బ్లాక్‌ని దాని చుక్క మీద పెట్టండి. పింక్‌కీ బ్లాక్‌కీ మధ్య మూడు రెడ్స్ విడివిడిగా పెట్టండి. వైట్‌ని మీకు అనువైన చోట చేత్తో పెట్టుకోండి. రెడ్, బ్లాక్, రెడ్, బ్లాక్, రెడ్, బ్లాక్. ఒకే షరతు: వైట్ బ్లూ చుక్కని దాటి కిందికి రాకూడదు. దాటిందంటే బాల్ పడినా సరే, మళ్లీ మొదటి నుంచి. మొదటి గంటలో ఒక్కసారి కూడా పూర్తి కాకపోవచ్చు, నాకూ కాలేదు. దెబ్బ గట్టిగా పడుతోందని అర్థం. వెనక చేతి ఊపుని సగానికి సగం తగ్గించి చూడండి. మూడు రెడ్స్ అయ్యాక ఐదు పెట్టండి, షరతు బ్లూ నుంచి పింక్‌కి జరపండి.

పూర్తయిన ప్రతిసారీ వైట్ ఆగిన చోట్లు నోట్‌బుక్‌లో గీయండి. టోర్నీలో గీసిన పేజీ పక్కనే ఇది కూడా ఉండాలి. విశాఖ నుంచి తిరిగొచ్చిన నెలలో నేను గీసిన పేజీలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. మొదటి పేజీలో అంకెలు డీ దాకా ఉన్నాయి. డిసెంబరు పేజీలో ఏడో అంకె పక్కన బాబాయ్ తన చేత్తో ఒక టిక్ పెట్టారు.